లోతు తగ్గిన అక్షరాలు

అక్షరం వంపులో దుమ్ము కదల్లేదు. అతను మోకాళ్ళ మీద వంగి, బుగ్గలు పూరించి మళ్ళీ ఊదాడు. తెల్లటి పొడి కొంచెం లేచి, ఎటూ పోలేక, తిరిగి అదే గాడిలో పడింది. చుట్టూ చూశాడు. రేకుల షెడ్డులో ఎవరూ లేరు. చూపుడువేలి గోటితో ఆ దుమ్మును గబగబా గీకేసి, ఏమీ ఎరగనట్టు ఉలి అందుకున్నాడు.

ఒకప్పుడు ఒక్క ఊదుకు వరుస మొత్తం శుభ్రం చేసేవాడు. అందుకే తోటివాళ్ళు తుఫాను అని పేరు పెట్టారు. పిల్లనిచ్చేవాళ్ళతో ఎవరో “మా తుఫాను చాలా నెమ్మదైన మనిషండీ” అంటే, వాళ్ళు నవ్వాలో భయపడాలో తెలీక నీళ్ళు నమిలారట. భార్య ఆ మాట ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది. ఈమధ్య మాత్రం తలుచుకోవడం లేదు.

రాళ్ళ మీద పేర్లు చెక్కడం అతని పని. ఇళ్ళ పేర్లు, బడుల పేర్లు, పోయినవాళ్ళ పేర్లు. పని నేర్పింది అక్క మొగుడు. ఆయన దగ్గర ఒకటే కట్టుబాటు: చెక్కుతున్న రాయికి చుక్క నీరు తగలకూడదు. తడి తగిలితే సుద్దతో గీసుకున్న అక్షరాలు చెదిరిపోతాయి. దుమ్మును నోటితోనే ఊదాలి. “ఊపిరి లేనివాడు ఉలి పట్టకూడదురా” అనేవాడు బావ, ఛాతీ విరుచుకుని.

ఆ బావ ఇప్పుడు షెడ్డు వెనక గదిలో, ముక్కుకు గొట్టం పెట్టుకుని, ఆక్సిజన్ సిలిండరు పక్కన కూర్చుని ఉంటాడు. సిలిండరుకు తగిలించిన సీసాలో నీళ్ళు బుడబుడమంటూ ఉంటాయి. గోడ ఇవతలికి ఆ చప్పుడు వినిపిస్తే తుఫానుకు ఒళ్ళు జలదరిస్తుంది. అతను సుత్తి గట్టిగా కొట్టేది అది వినబడకుండా ఉండటానికే.

పొద్దున భార్య చొక్కా అందిస్తూ అంది: “వీధి చివర బడి దగ్గరికి ఛాతీ పరీక్షల బండి వచ్చిందట. ఇవాళ ఒక్కరోజే ఉంటుందట. ఓసారి వెళ్ళిరాకూడదూ?”

“నాకేమైందని?”

“నిన్న బిందె దించి, చెప్పు తెగిందని కూలబడ్డారు. చెప్పు తెగలేదు. నేను చూశాను.”

అతను చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. దారిలో గుమ్మాల మీది రాళ్ళు చూస్తున్నట్టు రెండుచోట్ల ఆగాడు. నిజానికి ఆయాసం తగ్గేదాకా ఆగాడు. వెతికితే కదా దొరికేది! బావ కూడా నడుచుకుంటూనే ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగొచ్చింది సిలిండరుతో. వెళ్ళకపోతే ఆ సిలిండరే ఉండేది కాదేమోనని అతని మనసులో ఓ మూల గట్టి నమ్మకం. అది పిచ్చి నమ్మకమని తెలుసు. అయినా దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు.

“ఏరా తుఫానూ.”

ఉలి పట్టుకున్నవాడల్లా ఉలిక్కిపడ్డాడు. వెనక గది గడప దగ్గర బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గొట్టం అంతవరకే వస్తుంది, అక్కణ్ణుంచి ఒక్క అడుగు కూడా సాగదు. చొక్కా లోపల మెడ ఎముకలు లేచి పడుతున్నాయి.

“చెక్కుతున్నావా...” ఆగి గాలి తీసుకున్నాడు. “గోకుతున్నావా?”

“నీకెందుకు బావా, వెళ్ళి కూర్చో.”

“నాకేం పని? పొద్దస్తమానం... నీ సుత్తే వింటున్నా. అక్షరానికి దెబ్బలు తగ్గాయి.” మళ్ళీ ఆగాడు. “లోతు తగ్గితే దుమ్ము తగ్గుద్ది. దుమ్ము తగ్గితే... ఊదక్కర్లేదు.”

తుఫాను నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది.

“నాకు తెలీదనుకున్నావా? నేనూ అలాగే మొదలెట్టా. అదిగో, చూడు.”

గోడ వార బావ చెక్కిన రాళ్ళు ఆనించి ఉన్నాయి. తుఫాను వెళ్ళి పాత రాతి మీది అక్షరంలో వేలు పెట్టాడు. గోరు మొత్తం మునిగింది. బావ చివరగా చెక్కిన రాతిలో వేలి కొస కూడా దిగలేదు. ఆ రాయి చెక్కిన రోజుల్లో బావకు పెద్దగా దగ్గే లేదు. రాళ్ళెత్తేవాడు, పందేలు కాసేవాడు. అప్పటికే లోపల ఇది మొదలైందన్నమాట. రాయికి తెలిసింది, మనిషి బయటపెట్టలేదు.

వెనక్కి వచ్చి, పొద్దున తాను చెక్కిన అక్షరంలో వేలు పెట్టాడు. అదే లోతు.

వేలు వెనక్కి తీసుకున్నాడు.

“బండి వచ్చిందటగా. మీ అక్క చెప్పింది.”

“రాయి సగంలో ఉంది బావా.”

“రాయికేంరా... కూర్చుంటుంది. పో. నేను ఆలస్యంగా వెళ్ళా. నువ్వన్నా...” మాట పూర్తిచేయలేక చెయ్యి ఊపాడు, కోడిని తోలినట్టు.

బండిలో ఒక అమ్మాయి అతని చేతికి గొట్టం ఇచ్చింది. గొట్టం చూడగానే పైప్రాణాలు పైనే పోయాయి.

“భయం లేదు బాబాయ్. గుండెల నిండా పీల్చి ఊదండి. ఊదండి, ఊదండి, ఆపొద్దు, ఇంకా, ఇంకా!”

జీవితమంతా ఊదినవాడు అక్కడ ఊదలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

“ఆయాసం ఎన్నాళ్ళుగా?”

“ఆయాసమా? అబ్బే...” అని, తల దించుకున్నాడు. “అక్షరాల లోతు తగ్గి రెండేళ్ళయిందమ్మా.”

ఆమెకు అర్థం కాలేదు. అయినా నెమ్మదిగా చెప్పింది. “ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము మచ్చలు పడ్డాయి. పోయినంత మేర తిరిగి రాదు. కానీ ఊపిరి ఇంకా చాలానే మిగిలింది. పెద్దాసుపత్రిలో చూపించుకోండి. వీలైతే ఈ పని మానెయ్యండి. అందాకా పొడిరాయి చెక్కొద్దు. తడపండి. నోటితో అసలు ఊదొద్దు.”

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాడు. భయం పోలేదు. కాకపోతే ఇన్నాళ్ళూ వెనక నుంచి తరిమింది, ఇప్పుడు ఎదురుగా నిలబడింది. బావకు ఈ మాట చెప్పాలి. తడపమన్నారంటే ఎంత వెక్కిరిస్తాడో! షెడ్డు తలుపు దగ్గరికి రాగానే బుడబుడమని చప్పుడు వినిపించింది. మొదటిసారి ఆ చప్పుడు అతనికి ధైర్యమిచ్చింది.

లోపలికి అడుగుపెట్టాడు. గొట్టం గడప మీద పడి ఉంది. దాని కొస నుంచి గాలి ఊరికే పోతోంది.

బావ ఇవతల, తుఫాను కూర్చునే పీట మీద, గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ చెంబు.

“బావా.”

దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కా లోపల మెడ ఎముకలు కదలడం లేదు. బజారుకెళ్ళిన అక్క ఇంకా రాలేదు.

సగం చెక్కిన రాతి మీద బావ తుండుగుడ్డ పరిచి ఉంది. దాని కింద సుద్దగీతలన్నీ కరిగిపోయాయి. అక్షరాల్లోని దుమ్మును అదిమిపట్టి, అంచు నుంచి ఒక్కో చుక్కే కారుస్తూ, ఆ గుడ్డ ఇంకా తడిగానే ఉంది.