బాగున్నానని అనకు

“మేస్త్రీ, ముందే చెబుతున్నాను. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని మాత్రం అనకు.”

గుమస్తా ఫోను మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఫైలు తాడు విప్పుతున్నాడు. అవతల ఉన్నది పరంజా మీంచి పడి నడుము విరిగిన తాపీమేస్త్రి.

“మరేమనాలండీ?”

“నడుము పట్టేసిన రోజు ఎలా ఉంటుందో అది చెప్పు. మంచిరోజు సంగతి వాళ్ళకెందుకు?”

వైకల్య పింఛను అందనివాళ్ళ తరఫున వాదించే ఆ చిన్న ఆఫీసులో ఆయన ఏళ్ళ తరబడి చెబుతూ వస్తున్న మాటే అది. వచ్చినవాళ్ళు చంకకర్రలు గోడకి ఆనించి, వరసగా బెంచీ మీద కూర్చునేవాళ్ళు. మహమ్మారి వచ్చాక బెంచీ ఖాళీ. విచారణలన్నీ ఫోనులోనే. మంచంపట్టిన తల్లి ఉన్న లాయరమ్మ ఇల్లు కదలడం లేదు. టపా తీయడానికీ, ఫోన్లు కలపడానికీ ఆయనొక్కడే వస్తున్నాడు.

“దగ్గుతున్నారేమిటి?” అంది లాయరమ్మ లైను కలపగానే.

“ఫైళ్ళ దుమ్మమ్మా.”

పదకొండింటికి విచారణాధికారి లైనులోకి వచ్చాడు. మేస్త్రి ఫోను మోగలేదు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

“పావుగంట చూస్తాను. మనిషి రాకపోతే కేసు కొట్టేస్తాను” అన్నాడు అధికారి.

కొట్టేస్తే మళ్ళీ మొదటినుంచీ రావాలి. గుమస్తా గబగబా నంబర్ల పుస్తకం తిరగేశాడు. మేస్త్రి ఇంటి పైవాటాలో దర్జీ ఉన్నాడని గుర్తొచ్చి, సెల్‌ఫోను తీసి అతనికి చేశాడు.

“వాళ్ళింట్లో జ్వరాలండీ. నేను గుమ్మం తొక్కను.”

“తొక్కద్దు నాయనా. నీ ఫోను గడప మీద పెట్టి కేకేసి వచ్చెయ్. తర్వాత దానికి తలంటుపోయించి ఇప్పిస్తాగా!”

దర్జీ నవ్వాడు. మెట్లు దిగుతున్న చప్పుడు. గుమస్తా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి గుండెల దాకా దిగడం లేదు. కాసేపటికి మేస్త్రి గొంతు వినిపించింది. “చార్జింగు అయిపోయిందండీ.”

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి స్పీకర్లు నొక్కాడు గుమస్తా.

“నీళ్ళ బకెట్టు ఎత్తగలవా?” అధికారి అడిగాడు.

“ఎత్తుతానండీ. ఒకరి మీద పడి తినే మనిషిని కాదు నేను.”

గుమస్తా కళ్ళు మూసుకున్నాడు. మధ్యలో మాట్లాడే హక్కు ఆయనకి లేదు. దగ్గు వస్తుంటే చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

లాయరమ్మ మెల్లగా అడిగింది. “ఎత్తాక ఏమవుతుంది మేస్త్రీ?”



“ఎత్తాక... రెండు రోజులు లేవలేనమ్మా. అన్నీ మంచంలోనే. మా ఆవిడే కడుగుతుంది. మా పిల్లని ఆ గదిలోకి రానివ్వను.”

అటువైపు కాగితాలు కదిలిన చప్పుడు. “మంజూరు చేస్తున్నాను” అన్నాడు అధికారి.

గుమస్తా కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నవ్వు వచ్చింది, దాని వెనకే దగ్గు. అది చాలాసేపు ఆగలేదు.

సాయంత్రం భార్య ఫోను చేసింది. “గొంతు అలా ఉందేమిటండీ?”

“బాగానే ఉన్నాను. కాస్త పడిశం, అంతే.”

ఆ వారంలోనే ఆసుపత్రిలో డాక్టరు కూడా ఊపిరి ఎలా ఉందని అడిగింది. ఫర్వాలేదు, బాగానే ఉందన్నాడు. మర్నాడు తెల్లవారుజామున పోయాడు. భార్యని లోపలికి రానివ్వలేదు.

నెల తిరిగాక లాయరమ్మ తాళం తీసింది. ఫోను మోగుతోంది. ఎవరో ముసలాయన గుమస్తాగారు కావాలన్నాడు.

“లేరండీ. నాతో చెప్పండి” అని గుమస్తా కుర్చీలో కూర్చుంది. “ఎలా ఉన్నారు?”

“బాగానే ఉన్నానమ్మా” అన్నాడు ముసలాయన.

ఆమె తలెత్తింది. ఎదురుగా కిటికీ ఊచకి గుమస్తా ఉతికి ఆరేసుకున్న గుడ్డ మాస్కు ఎండకి బిరుసెక్కి వేలాడుతోంది. చెవికి వదులైనట్టుంది, ఒక పక్క తాడుకి చిన్న ముడి వేసి ఉంది.