మూడు వేల నాలుగు నూర్ల అడుగులు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తున్నంతసేపూ నతానియేలు కూతురికి ఎద్దుల సంగతే చెప్పాడు. ఇప్పటి ఎద్దులకు మాత్రల బలమే తప్ప ఒంటి బలం లేదన్నాడు. కోడిగుడ్లూ బాదంపప్పులూ మేసేవి అసలు ఎద్దులే కావన్నాడు. అనిత బళ్లో టీచరు. చిన్నప్పటి నుంచీ విన్న మాటలే కాబట్టి ఊఁ కొడుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ముప్పై ఆరేళ్ల కిందట నంద్యాల బండలాగుడు పోటీల్లో సంజీవయ్య గారి జత ఇరవై నిమిషాల్లో మూడు వేల నాలుగు వందల అడుగుల దూరం బండను లాగింది. ఆ అంకె ఆ ప్రాంతంలో రైతులందరికీ నోటికి వచ్చు. ఎంత మంచి జత వచ్చినా ఆ అంకె పక్కన నిలబెట్టి చులకన చేయడం అలవాటైపోయింది. ఆనాడు ఆ జతను తోలినవాడు సంజీవయ్య ఇంట్లో జీతానికున్న నతానియేలు. ఈ ఏడు ఆళ్లగడ్డ పోటీల కమిటీ ఆ దూరాన్ని దాటిన జతకు బుల్లెట్టు బండి ఇస్తామని ప్రకటించింది. తోలినవాడు ఇంకా బతికే ఉన్నాడని తెలిసి, శాలువా కప్పుతాం రమ్మని కబురు పెట్టింది. కమిటీకి పెద్ద సంజీవయ్య మనవడు రాజశేఖర్.

వేదిక మీద చివరి కుర్చీ నతానియేలుకు ఇచ్చారు. మొదటి నాలుగు జతలు మూడు వేల అడుగుల లోపలే ఆగిపోయాయి. ఆయనకు లోలోపల సంతోషంగానే ఉంది.

ఐదో జత కోయిలకుంట్ల దిక్కు నుంచి వచ్చిన విజయమ్మది. మొగుడు పోయాక రెండు దూడల్నీ ఆమే సాకి ఇంతవి చేసింది. తోలేది కొడుకు మహేష్. అతని చేతిలో ముల్లుగర్ర లేదు.

"వట్టి చేతుల్తో ఏం తోల్తాడు వీడు" అని నతానియేలు గొణిగాడు.

మొదటి మలుపు తిరిగేసరికి ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. ఆ ఎద్దులు బండను లాగుతున్నట్టు లేదు, బండే వాటి వెంట పడి వస్తున్నట్టుంది. మహేష్ కాడి పక్కనే పరుగెడుతూ "పా నాయనా, పా" అంటున్నాడు, అంతే. పద్దెనిమిది నిమిషాలకు మూడు వేల రెండు వందలు దాటాయి. జనం లేచి నిలబడ్డారు. ఇంత నడక తాను తోలిన జతకు లేదని నతానియేలుకు తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు గానీ, తెలిసిపోయింది.

చివరి నిమిషంలో ఎడమ పక్కనున్న దాపటి ఎద్దు ముందుకాలు మడతపడింది. లేచింది గానీ నాలుక బయటికి వేలాడింది. మహేష్ ఒక్కసారి దాని మొహం చూశాడు. చేయెత్తి ఆపి, కాడి విప్పేశాడు. టేపు పట్టి కొలిచారు. మూడు వేల మూడు వందల అరవై.

నలభై అడుగులు తక్కువ. జనంలోంచి ఈలలు, నవ్వులు. రాజశేఖర్ మైకు అందుకున్నాడు.

"సూసినారు కదా. మా జేజినాయన ఎద్దులైతే పానం పోయినా ఆగేటివి కాదు. ఇప్పుడుండేటివి ప్యాకెట్ పాల ఎద్దులు. ఆ కాలం మళ్లా రాదు. ఆ జతను తోలిన మొగోడు ఈడనే ఉండాడు, నతానియేలు."

శాలువా కప్పారు. కింద మహేష్ తల వంచుకుని ఎద్దు మెడ మీద నీళ్లు పోస్తున్నాడు. ఎవరో కుర్రవాళ్లు అతన్ని చూసి గేలి చేస్తున్నారు. ప్రాణం పోయినా అన్న మాట నతానియేలు చెవిలో ముల్లులా దిగింది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి లేచి నిలబడ్డాడు. రెండు మాటలు చెప్పమని ఇచ్చిన మైకును గట్టిగా పట్టుకున్నాడు.

"మూడు వేల నాలుగు నూర్లు నిజమే. ఆ పొద్దు మా దాపటెద్దు గూడా ఇట్లనే పడె. నేను తోక కింద ముల్లుగర్ర పెట్టి పొడిస్తి. లేసె. మళ్లా పడె. గట్టు మీద నుంచి సంజీవయ్య పొడువు పొడువు అనె, మళ్లా పొడిస్తి. మూడో పొద్దుకు అది కొట్టంలో సచ్చిపాయ."

అంతటితో మైకు ఆగిపోయింది. ఎవరో వైరు పీకేశారు. ఆయన గొంతు పెంచాడు.

"ఆ కడాకు లాగిన నూరడుగులు ఎద్దు లాగలా, నా ముల్లు లాగింది. దాని పక్కన ఈ ఎద్దుల్ని పెట్టి నగుతాండారే, మీకు సిగ్గు ల్యాదా?"

రాజశేఖర్ మొహం ఎర్రబడింది. "నోరు మూసుకో నతానియేలూ. మా ఇంటి కూడు తిన్నోనివి, మా జేజినాయన్ని బజార్లో పెడ్తాండావా?"

"కూడు తింటి, అందుకే ఇన్నేండ్లు నోరు మూసుకుంటి. అప్పటికి నువ్వు పుట్టలా అప్పా. ఎద్దును పూడ్సింది నేను, పొగడ్తలు తీసుకుండేది మీరు."

"పోదాం పా నాయనా" అని అనిత పైకి వచ్చి ఆయన చేయి పట్టుకుంది. శాలువాను కుర్చీలోనే వదిలి మెట్లు దిగాడు. వెనక ఆరో జత పేరు పిలిచారు, ఏమీ జరగనట్టే.

ఎద్దుల దగ్గర విజయమ్మ ఎదురైంది. ఒక మంచి మాట అంటుందనుకున్నాడు. ఆమె చూపులో మంచితనమేమీ లేదు.

"ముప్పై ఆరేండ్లు యాడికి పోయినావప్పా? ఆ అంకె దాటల్లని మా నాయన ఎన్ని ఎద్దుల్ని పొడిసినాడో నీకు తెలుసునా? మా ఇంట్లోనే రెండు సచ్చె. ఇప్పుడొచ్చి చెప్తాండావ్."

"తప్పు నాదేలేమ్మా" అన్నాడు నతానియేలు. ఆమె మొహం తిప్పుకుని బక్కెట్టు ఎత్తింది. మహేష్ మాత్రం, ఎద్దు కాలు ఒకసారి చూడమన్నాడు. నతానియేలు మోకాళ్ల మీద కూర్చుని కీలు చుట్టూ ఒత్తి చూసి, ఎముకకేం కాలేదు, నెల రోజులు కాడి పెట్టొద్దని చెప్పాడు.

రెండు నెలలకు నంద్యాలలో పోటీలన్నారు. కరపత్రం నమూనాలో పైవరుసన పెద్ద అక్షరాలతో పాత అంకె మళ్లీ కనిపించింది. నతానియేలు ఆ పూటే కమిటీ ఆఫీసుకు పోయాడు. దాని కింద ఎద్దు చచ్చిన సంగతి కూడా వేయమన్నాడు.

"అట్లెట్లా యేస్తామప్పా? జనం ఏమనుకుంటారు?" అన్నాడు కార్యదర్శి ఏలీయా.

"అయితే అంకె గూడా యేయొద్దు. యేస్తే, పోటీల పొద్దు గేటుకాడ నిలబడి వచ్చినోనికి వచ్చినట్టు నేనే చెప్తా."

ఏలీయా పెన్ను తీసి ఆ వరుస కొట్టేశాడు.

పోటీల రోజు ఈయన్ను ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. రాజశేఖర్ మనుషులు చూసి కూడా పలకరించలేదు. నతానియేలు గట్టు మీద జనంలో కూర్చున్నాడు. మహేష్ ఎద్దులు ఆ రోజు మూడు వేల రెండు వందలే లాగి రెండో బహుమతి తెచ్చుకున్నాయి. పక్కనున్న ముసలాయన పెదవి విరిచి, "పాత కాలం ఎద్దులైతేనా" అని మొదలుపెట్టాడు.

"ఆ ఎద్దుల్ని తోలినోన్ని నేనే" అని నతానియేలు ఆయన వైపు తిరిగాడు. "ఇను, చెప్తా."