సగం పిలుపు

ఈ ఉదయం మా వంటింటి బల్లకి అవతలి కొస హంగరీలో ఉంది. ఇవతలి కొస కాకినాడలోనే, గ్యాస్ స్టవ్ పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. నేను లాప్‌టాప్ తెరుచుకుని ఇటు కూర్చున్నాను. అటు ఎతెల్కా ఎర్ర మిరపకాయలు దారానికి గుచ్చుతోంది.

సెగెద్ అనే ఊళ్ళో నేను డాక్టరీ చదివేటప్పుడు నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ ఎతెల్కా. జ్వరమొస్తే కోడి పులుసు కాచి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ వంటింటి మీద నాకు ఇప్పటికీ బెంగ.

ఇందాకే ఆవిడ మెయిల్ వచ్చింది. ఇల్లు ఖాళీ చేసి అక్కగారింటికి వెళ్ళిపోతోందట. అక్కడ బల్ల పట్టదట, ఇవాళే మనుషులొచ్చి పట్టుకుపోతారట. మెయిల్ పైన పిలుపు లేదు. ఇన్నేళ్ళుగా మా ఇద్దరిదీ ఇదే వరస. ఎలా పిలుచుకోవాలో తేలక నేను పూల బొమ్మలు పంపుతాను, ఆవిడ పిల్లి ఫొటోలు పంపుతుంది.

బల్ల వెళ్ళిపోయేలోగా నేను జవాబు రాయాలి. అది పోతే ఆవిడ ఎదురుగా కూర్చునే చోటు ఇంకెక్కడా లేదు.

ముందు ‘తిస్తెల్త్’ అని కొడతాను. గౌరవనీయులైన అని అర్థం, బ్యాంకువాళ్ళకి రాసే మాట. బల్ల చప్పుడు చెయ్యకుండా సాగుతుంది. ఎతెల్కా ఉప్పు సీసా అంతవుతుంది. మిరపకాయలు పక్కన పెట్టి, టోపీ పెట్టుకుని, నిటారుగా కూర్చుంటుంది.

అది చెరిపేసి ‘కెద్వెష్ ఎతెల్కా నేని’ అని రాస్తాను. ప్రియమైన ఎతెల్కా పిన్నిగారూ అన్నట్టు. బల్ల వెనక్కి ముడుచుకుంటుంది, ఆవిడ టోపీ తీసేస్తుంది. మొహమైతే కనబడుతోంది కానీ, మధ్యలో ఉన్న రెండు చిన్న గ్లాసులు ఇద్దరికీ అందవు.

ఆ గ్లాసుల్లో ఉన్నది పాలింక, పళ్ళతో కాచే సారా. నేను సెగెద్ వదిలిన రోజు ఆవిడే పోసింది. వయసులో పెద్దవాళ్ళు పిలిచి, ఇద్దరూ మోచేతులు మెలేసుకుని తాగితే, అక్కడ ఆ రోజు నుంచి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వస్తుంది. చిన్నవాళ్ళు తమంతట తాము అడగకూడదు. ఆవిడ ఏదో అనబోతుంటే కింద టాక్సీ హారన్ కొట్టింది. గ్లాసులు అప్పటినుంచీ అక్కడే ఉన్నాయి, చుక్క కూడా ఆరలేదు.

ధైర్యం చేసి ‘సియా’ అని కొడతాను. ‘నువ్వు’ అనుకునే నేస్తాలు పలకరించుకునే మాట. అది తెరమీద కూర్చోదు. దిగి, బల్లమీద గ్లాసులదాకా నడిచి, తిరిగొచ్చి నా గాజుల వెనక నిలబడుతుంది.

“పిలవని పేరంటానికి ఎలా వెళ్తుందే అది?” అంటుంది మా మేనత్త రమణమ్మ, తడిచీరల బకెట్‌తో పెరట్లోకి వెళ్తూ. “బొట్టు పెట్టి పిలవాల్సింది ఆవిడ కదా.”

“పిలవబోయిందత్తా. ఇంతలో టాక్సీ వచ్చింది.”

“అయితే సగం పిలిచినట్టే. సగం దూరం నువ్వెళ్ళు.”

అత్త లెక్క కాదనడానికి వీల్లేకుండా ఉంటుంది. నేను ‘కెద్వెష్’నే ఉంచి, దాని కింద ఒకటే వాక్యం రాసి పంపేస్తాను. ‘గ్లాసులు ఇంకా ఇక్కడే ఉన్నాయి.’

అప్పుడే నీలం చొక్కాల మనుషులు ఆవిడ వంటింట్లోకొచ్చి బల్ల అవతలి కొస ఎత్తుతారు. బల్ల ఏటవాలవుతుంది. గ్లాసులు జారుకుంటూ వచ్చి నా ముందు ఆగుతాయి.

“కాస్త ఆగండి,” అంటుంది ఎతెల్కా వాళ్ళతో. వాళ్ళు బల్లని భుజాల మీద పెట్టుకుని ఆగుతారు.

ఆవిడ స్వెటర్ చెయ్యి పైకి మడిచి చాపుతుంది. ఆ చెయ్యి కొండలూ సముద్రాలూ దాటుకుని, మా కిటికీలోంచి లోపలికొచ్చి, రెండో గ్లాసు తీసుకుని, నా మోచేతిని మెలేస్తుంది.

“సువర్చలా,” అంటుంది, “ఇంక నేని, పిన్ని అన్నీ వదిలెయ్. నాకు పేరుంది.”

తాగుతాం. ఇక్కడ గ్లాసు ఖాళీ అవుతుంది, అక్కడ ఆవిడ గుటకేస్తుంది. నాకు గొంతు మండి, తర్వాత ఏడుపొస్తుంది. మా అమ్మ పోయాక నేను పెద్దవాళ్ళెవరినీ నువ్వు అనలేదు.

మనుషులు బల్ల పట్టుకుపోతారు. అది ఉన్న చోట మా గోడ ఉంది, గోడకి క్యాలెండరు ఉంది. ఎతెల్కా చెయ్యి మాత్రం నా మోచేతిలోనే ఉండిపోయింది, కిటికీలోంచి పెరడు మీదుగా ఊరు దాటి పోతోంది. అత్త దాని మీద చీరలు ఆరేస్తోంది.

“అమ్మాయ్, కాస్త ఎత్తమను ఆవిడని. అంచులు మట్టికి తగులుతున్నాయి.”

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒంటి చేత్తో రాస్తాను. ‘సియా ఎతెల్కా, చెయ్యి కొంచెం పైకెత్తు.’

ఈసారి ఆ మాట పెట్టిన చోటే కూర్చుంటుంది. పెరట్లో చీరలన్నీ నెమ్మదిగా లేస్తాయి.