బ్యాటరీ వైపు

“కాసేపు కరెంటు పోతే కొంపలేం మునిగిపోవు,” అన్నారు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంటూ. ముడత ఎక్కడైనా మిగిలిందేమో అని. మిగలదు. అయినా చూస్తారు.

నేనడిగింది యూపీఎస్ గురించి. కరెంటు పోయినా కంప్యూటరు ఆరిపోకుండా కొంతసేపు నిలబెట్టే బ్యాటరీ డబ్బా. అడగడం అది మొదటిసారేం కాదు. ఎండలు ముదిరాక మా వీధిలో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. నా పనేమో ఆగితే మళ్లీ అందుకోగలిగేది కాదు. ఒక నర్సింగు కాలేజీలో చెవులు వినపడని అమ్మాయి చదువుకుంటోంది. అక్కడ మేడం చెప్పే పాఠం ఇంటర్నెట్లో నాకు వినిపిస్తుంది. విన్నది విన్నట్టు నేను టైపు చేస్తుంటే, అదే క్షణంలో ఆ అమ్మాయి ముందున్న తెర మీద అక్షరాలు పడతాయి. తన మొహం నేనెప్పుడూ చూడలేదు. ముందు బెంచీలో కూర్చుంటుందని మాత్రం తెలుసు. క్లాసయ్యాక తెర మూలన “ఉంటానక్కా” అని రాసి వెళ్లిపోతుంది. మా ఇంట్లో ఈ పనికి ‘టైపు కొట్టుకోవడం’ అని పేరు. ఎవరైనా వచ్చి నేనేదని అడిగితే, “లోపల టైపు కొట్టుకుంటోంది లెండి,” అంటారు అత్తయ్య, నేనేదో అచ్చనగాయలు ఆడుకుంటున్నట్టు.

నేను హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంటాను. రెండో డిప్పని చెవి వెనక్కి నెట్టేస్తాను. ఆ చెవి ఇంటికోసం. కుక్కరు కూతలు, గుమ్మం దగ్గర గంట, అత్తయ్య పిలుపు, అన్నీ అందులోంచే రావాలి. అలా సగం చెవితో పాఠం వింటూ ఒక్క మాట కూడా పోకుండా టైపు చేయడం ఎలా వచ్చిందని మా సూపర్‌వైజరు ఒకసారి ఆశ్చర్యపోయింది. పెళ్లయ్యాక వచ్చింది అన్నాను. ఆవిడ నవ్వింది. నేను జోకు వేశాననుకుంది.

ఇంకో సంగతి ఉంది. కరెంటు పోయిందంటే మా ఇంట్లో నేను ఖాళీ అని లెక్క. తెర నల్లబడిన మరుక్షణం హాల్లోంచి అత్తయ్య గొంతు వస్తుంది, “అమ్మాయ్, కరెంటు పోయిందిగా, ఇలా రా” అని. మోకాళ్లకి నూనె రాయడమో, బీరువా సర్దడమో, అదీ లేకపోతే ఊరికే కూర్చుని ఆవిడ చెప్పేది వినడమో. అంతసేపూ ఆ పని ఎక్కడ దాచి ఉంచుతారో గానీ, ఫ్యాను రెక్కలు పూర్తిగా ఆగకముందే బయటికొచ్చేస్తుంది. నేనూ లేచి వెళ్తాను. ఆరిపోయిన తెర ముందు కూర్చుని ఏం చేస్తున్నానని చెప్పను?

కిందటి వారం మందుల పాఠం జరుగుతోంది. “ఈ ఇంజెక్షను ఎవరికి ఇవ్వకూడదంటే...” అన్నారు మేడం. నేను అంతవరకే టైపు చేశాను. కరెంటు పోయింది. మోకాళ్లకి నూనె రాస్తూ కూర్చున్నాను గానీ నా బుర్రలో ఆ వాక్యమే వేలాడుతోంది. ఎవరికి? ఎవరికి ఇవ్వకూడదు? కరెంటు వచ్చి మళ్లీ కలిసేసరికి పాఠం అయిపోయింది. ఆ అమ్మాయి ఒక మాట రాసి పెట్టింది: “పర్లేదక్కా, పక్కమ్మాయిని అడుగుతా.” ఆ ‘పర్లేదు’ నాకు బాగా తెలిసిన ‘పర్లేదు’. రోజూ అనేదాన్నే కదా. సాయంత్రం సూపర్‌వైజరు ఫోను చేసింది. “నీ మీద కోపం కాదమ్మా. ఇంకొక్కసారి ఇలా అయితే మాత్రం ఆ అమ్మాయిని వేరేవాళ్లకి అప్పజెప్తాను. తన చదువు కదా.” అంతకంటే న్యాయమైన మాట ఇంకొకరు చెప్పలేరు. నాకు భయమేసింది.

చివరికి మా ఆయన కొందామన్నారు. నేను అప్పటికే చదువుకుని ఉన్నాను. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే అంకె వేరని, అది నిజంగా మోయగలిగే వాట్లు కింద చిన్నక్షరాల్లో ఉంటాయని, నాకు చూడాల్సింది ఆ చిన్నదేనని తెలుసు. కంప్యూటరు, తెర, ఇంటర్నెట్టు రౌటరు, ఈ మూడింటి వెనకా ఉన్న చీటీలు చదివి కూడుకున్నాను. గంటలకొద్దీ నడవక్కర్లేదు, క్లాసు ముగిసేదాకా నిలబడితే చాలు. కానీ షాపతను, “లోడెంత సార్?” అని మా ఆయన్ని అడిగాడు. నేను చెప్పాను. అతను మా ఆయన వైపే చూసి తలూపాడు. “ఆవిడ చిన్నది చాలంటోంది గానీ కొంచెం పెద్దదే ఇవ్వండి,” అన్నారు ఈయన. వద్దంటే అసలుకే మోసమని ఊరుకున్నాను. పెద్దదైతే మంచిదేగా అని నాకు నేనే చెప్పుకున్నాను.

శనివారం దాన్ని హాల్లో, టీవీ బల్ల కింద పెట్టి ఆయనే అన్ని వైర్లూ కలిపారు. నా గదిలోకి ఒక పొడవాటి వైరు లాగారు. సాయంత్రం క్లాసు లేదు, పాత పాఠాల్లో తప్పులు దిద్దుతున్నాను. కరెంటు పోయింది. తెర ఠక్కున ఆరిపోయింది. హాల్లో మాత్రం టీవీ మాట్లాడుతూనే ఉంది.

“చూశావా, కనురెప్ప వేసినంత సేపు కూడా ఆగలేదు,” అన్నారాయన నన్ను చూసి.

“నాది ఆగిపోయింది.”

“ఆగుతుంది. నీది రెండో వరసలో ఉంది. దానికి బ్యాటరీ రాదు. కరెంటు ఎక్కువతక్కువలొస్తే కాపాడుతుంది, అంతే.”

వంగి చూశాను. డబ్బా వెనక రెండు వరసల ప్లగ్గులు. బ్యాటరీ వైపు టీవీ, దాని కేబులు పెట్టె, అత్తయ్య టేబుల్ ఫ్యాను, ఈయన ఫోను చార్జరు. అవతలి వరసలో ఒంటరిగా నా వైరు.

“తెలిసే పెట్టారా?”

“మరి చోటేదీ? నువ్వు మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. మధ్యలో పోయిన సీరియల్ మళ్లీ వేస్తారా?”

అత్తయ్య నవ్వారు. “కరెంటు పోతేనేగా తల్లీ నువ్వు మాకు దొరికేది. అది కూడా లేకుండా చేస్తావా ఏంటి? ఎలాగూ లేచావు, కాస్త టీ పెట్టు.”

పెట్టాను. నీళ్లు మరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. తెలియక పెట్టి ఉంటే బాగుండుననిపించింది. తెలియనివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం, వాళ్లకి విడమర్చి చెప్పడం, మళ్లీ చెప్పడం, ఇవన్నీ నాకు అలవాటే. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో నేను చేసింది అదే. వీళ్లకి తెలియదు, తెలిస్తే చేయరు అనుకుంటూ ప్రతిదానికీ నేనే ఒక సాకు వెతికి వాళ్ల చేతికి అందించాను. ఈయన మాత్రం రెండు వరసలూ చూసి, దేనికేముందో చదివి, నా వైరు ఎక్కడుండాలో ఆలోచించి పెట్టారు. చాలా శ్రద్ధగా. చొక్కా ముడతలు చూసినంత శ్రద్ధగా. టీలో పంచదార వేశానో లేదో గుర్తు రాక రుచి చూడాల్సి వచ్చింది.

మర్నాడు ఆదివారం. పరీక్షల ముందు మేడం ప్రత్యేకంగా పెట్టిన ఆఖరి క్లాసు. ఈయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లారు, అత్తయ్య స్నానానికి వెళ్లారు. టీవీ, ఫ్యానుల ప్లగ్గులు ఎప్పటిలా గోడకి పెట్టి, ఆ డబ్బాని ఎత్తాను. ఇంత బరువుంటుందనుకోలేదు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు నడుముకి ఆనించుకుని నా గదిలోకి తెచ్చుకున్నాను. రౌటరు కూడా. మూడు వైర్లూ బ్యాటరీ వైపు పెట్టి, గోడ దగ్గర స్విచ్చి తీసేసి చూశాను. డబ్బా కుయ్‌మంది. తెర వెలుగుతూనే ఉంది. స్విచ్చి మళ్లీ వేశాను. తర్వాత అత్తయ్య మంచం పక్కన నీళ్ల సీసా, విసనకర్ర పెట్టాను. ఉక్కపోత ఆవిడకైనా ఉక్కపోతే.

క్లాసు మొదలైంది. మేడం మందులన్నీ మళ్లీ మొదట్నుంచి చెబుతున్నారు. ఈయన ఎప్పుడొచ్చారో, టీవీ పెట్టారు. “ఇప్పుడు ఆ ఇంజెక్షను సంగతి,” అన్నారు మేడం. “ఇది ఎవరికి ఇవ్వకూడదంటే...”

తల మీద ఫ్యాను నెమ్మదించింది. టీవీ మూగబోయింది. డబ్బా కుయ్‌మంది. నా వేళ్లు ఒక్క క్షణం వాటంతట అవే బల్ల మీంచి లేచాయి, ఇన్నేళ్ల అలవాటు. తెర వెలుగుతోంది. మేడం చెబుతున్నారు. వేళ్లు మళ్లీ కిందికి దించాను.

“అమ్మాయ్, కరెంటు పోయిందిగా, ఇలా రా.”

నేను టైపు చేస్తున్నాను. మళ్లీ పిలిచారు. హాల్లో బల్ల జరిపిన చప్పుడు, తర్వాత అడుగులు. ఈయన గుమ్మంలో నిలబడ్డారు, మెడ మీద ఇంకా వెంట్రుక ముక్కలున్నాయి. నా కాళ్ల దగ్గరున్న డబ్బాని చూశారు.

“ఇదెప్పుడు తెచ్చావిక్కడికి? అమ్మ పిలుస్తోంది, వినపడట్లేదా? కరెంటు పోయింది, లే.”

చెవి వెనకున్న రెండో డిప్పని చెవి మీదికి లాక్కుంటూ, తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాను:

“నాకు పోలేదు.”