బియ్యంలో దాచిన బ్యాటరీ

నిషిత డ్రమ్ములోంచి గ్లాసుతో బియ్యం తీసి చేటలో పోస్తోంది. మూడోసారి గ్లాసు ముంచేసరికి వేళ్లకు ఉబ్బెత్తుగా, మెత్తగా తగిలింది. ఆదివారం తానే దాన్ని అడుగున పెట్టింది. రోజూ బియ్యం తరుగుతుంటే అది బయటపడుతోంది. చప్పున నాలుగు పిడికిళ్ల బియ్యం దాని మీదికి తోసింది.

"బియ్యం తియ్యమంటే గింజలు లెక్కవెడుతున్నవా ఏంది?" పొయ్యి దగ్గర నుంచి తల్లి కౌసల్య కేకేసింది. "ఎసరు మరిగి మరిగి సగమైంది."

"వస్తున్ననమ్మా."

అది తమ్ముడు సందీప్ డ్రోన్ బ్యాటరీ. సందీప్, వాడి దోస్తు కాషిఫ్ పటాన్‌చెరులో ఒకే ఫ్యాక్టరీలో, ఒకే షిఫ్టులో పనిచేస్తారు. ఒక్కో భాగమే తెప్పించుకుని ఇద్దరూ కలిసి కట్టుకున్న డ్రోన్ అది. సెలవు దొరికితే చాలు, రుద్రారం పొలాల మీద ఎగరేసుకుంటూ తిండి కూడా మరిచిపోతారు. వాళ్లు డ్యూటీకి పోయాక బ్యాటరీలు చూసుకునే పని నిషితది.

"నిండంగనే తీసెయ్యక్కా. ఎండకు పెట్టకు," అని సందీప్ మరీ మరీ చెప్పాడు. "పొట్ట ఉబ్బినా, నిండ చార్జింగ్ ఉండి సగం సేపే ఎగిరినా ఇగ దాని పని అయిపోయినట్టే. మల్ల వాడొద్దు, కొత్తది తెచ్చుకోవాలె."

పోయిన వారం ఆమె మరిచిపోయింది. చార్జరుకు తగిలించిన బ్యాటరీ రేకుల కింద కిటికీ గట్టు మీద పొద్దంతా ఎండలో ఉండిపోయింది. సాయంత్రానికి పూరీలా పొంగింది. తమ్ముడికి చెబుదామనే అనుకుంది. కానీ వాడు వస్తూ వస్తూనే, "మా అక్క ఉండంగ బ్యాటరీల ఫికరే లేదురా," అని కాషిఫ్‌తో గొప్పగా అంటుంటే ఆ మాట దాచేసింది. బ్యాటరీని గుడ్డలో చుట్టి నూరే రాయి కింద పెట్టింది. మరునాటికి కొంత అణిగింది. అణిగింది కదా, బాగైందనుకుంది. నల్ల టేపు బిగించి చుట్టి మిగతా వాటి పక్కన పెట్టేసింది. ఆ టేపు కాషిఫ్ చుట్టాడేమోనని సందీప్, సందీప్ చుట్టాడేమోనని కాషిఫ్, ఇద్దరూ అడగలేదు.

ఆదివారం రిమోట్ కాషిఫ్ చేతిలో ఉంది. బాగానే లేచిన డ్రోన్ పెంటయ్య మొక్కజొన్న చేను మీద ఉన్నట్టుండి రాయిలా పడిపోయింది.

"చార్జింగ్ తగ్గి రిమోట్ కూత పెట్టంగనే దించాలని తెల్వదారా?" సందీప్ విరుచుకుపడ్డాడు.

"కసం భాయ్, కూతే రాలే."

"అబద్ధం ఆడకు. ఇగ దాన్ని నువ్వు ముట్టకు."

అప్పటికే చేలోకి దిగిన నిషితకు విరిగిన రెక్కల పక్కన బ్యాటరీ కనబడింది. వేడిగా ఉంది. మునుపటికంటే ఎక్కువ ఉబ్బింది. చున్నీలో చుట్టుకుని, దొరకలేదని చెప్పింది. ఫోను తడిసినా, రిమోట్ తడిసినా బియ్యంలోనే పెట్టే ఇల్లు వాళ్లది. దాచడానికి ఆమెకు ఇంకో చోటు తోచలేదు.

బయట బండి ఆగింది. కాషిఫ్ లోపలికొచ్చి, తాళంచెవి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. చేతుల నిండా మొక్కజొన్న ఆకులు కోసిన గీతలు. బల్ల మీద కూర్చుని కొత్త రెక్క బిగిస్తున్న సందీప్ తలెత్తకుండానే అడిగాడు.

"దొరికిందా?"

"లేదు భాయ్. డ్యూటీ దిగి సీదా చేన్లకే పోయిన. పెంటయ్య తాత అడివి పంది అనుకొని రాయి వట్టిండు నా మీదికి."

కౌసల్య నవ్వింది. సందీప్ నవ్వలేదు.

"ఎందుకు దేవులాడుడు? పోయింది పోయింది."

"బ్యాటరీ దొరికితె తెలుస్తది, తప్పు నాదా, దానిదా అని. నాదే అయితే జిందగీల రిమోట్ ముట్ట." కాషిఫ్ నిషిత వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పిన సాలు రెండు మాట్ల సూసిన. జెర యాది చేసుకో, ఇంకేమన్న సాలా?"

బ్యాటరీ ఆ సాలులో పడిందేమోనని ఆదివారం ఆమె నోటికొచ్చింది చెప్పింది. అతని చేతి మీది గీతల్లో ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత డ్రమ్ము దగ్గరికి పోయి మోచేతి దాకా చెయ్యి దించింది. బ్యాటరీని తీసుకొచ్చి చేటలో, బియ్యం మీదే పెట్టి ఇద్దరి ముందూ దించింది. టేపు అంచుకు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

"ఎండకు ఉబ్బిచ్చింది నేనే. రాయి కింద అణిచి టేపు చుట్టింది నేనే. దొరికితె దాచింది గూడ నేనే. కాషిఫ్ తప్పేం లేదు."

"ఓ నీ... గీ బియ్యమేనా మనం తింటున్నది!" కౌసల్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అంటుకుంటే ఇల్లు కాలుతుండెనే అక్కా," అన్నాడు సందీప్. ఆ మాట అక్కతోనే అన్నా చూపు మాత్రం నేల మీదే ఉంది. కాషిఫ్ వైపు చూడలేకపోయాడు.

కాషిఫ్ చేట దగ్గర కూర్చున్నాడు. బ్యాటరీని గట్టిగా పట్టుకోకుండా రెండు అరచేతుల్లోకి తీసుకుని వాకిట్లోకి నడిచాడు. గోడకు దూరంగా ఉన్న ఇసుక కుప్పలో దాన్ని పూడ్చి పైన ఇసుక పోశాడు. వచ్చి నీళ్ల కుండీ దగ్గర చేతులు కడుక్కున్నాడు. గీతల మీద నీళ్లు పడగానే చెయ్యి విదిలించాడు.

లోపలికొచ్చి బల్ల మీది తాళంచెవి తీసుకున్నాడు.

"కాషిఫ్..." సందీప్ లేచాడు.

ఎంత తొందరలో ఉన్నా "పోయొస్త అక్కా" అనకుండా ఆ ఇల్లు దాటిన పిల్లవాడు కాదు కాషిఫ్. నిషిత ఆ మాట కోసం చేట పట్టుకుని ఎదురుచూసింది. అతను వంగి చెప్పులు తొడుక్కున్నాడు. ఏమీ అనకుండానే గడప దాటి వెళ్లిపోయాడు.