ప్లీడరుగారి చొక్కా

విచారణకు ఆఫీసరమ్మ వస్తుందని తెలిసిన దగ్గర్నుంచి ఇస్త్రీ షాపులో ఎవరి కాలూ ఒకచోట నిలవడం లేదు. కూతురికి యూనివర్సిటీలో సీటొచ్చింది. ఫీజూ హాస్టలూ ప్రభుత్వం కట్టాలంటే, ఇది నిజంగా లేనివాళ్ళ ఇల్లేనని ఆమె చూసి సంతకం పెట్టాలి. ఇవాళ మధ్యాహ్నం దాకే గడువు. దాటితే సీటు వదులుకోవాల్సిందే.

షాపు వెనక ఉన్న ఒక్క గదే వాళ్ళ ఇల్లు. తల్లి దాన్ని తుడిచిందే తుడుస్తోంది. ప్రభుత్వం మనిషి గడప తొక్కుతుంటే నలిగిన చొక్కాతో నిలబడటం తండ్రికి నామోషీ అనిపించింది. ఇచ్చెయ్యడానికి సిద్ధంగా ఉన్న బట్టల్లోంచి ప్లీడరుగారి తెల్లచొక్కా తీసి తొడుక్కున్నాడు.

"నాన్నా, విప్పెయ్. బ్యాంకు మేనేజరులా ఉన్నావు," అంది కూతురు తల పట్టుకుని.

"ఉండనీవే. మర్యాదగా ఉంటుంది."

"మర్యాదకి స్కాలర్‌షిప్ ఇవ్వరు నాన్నా."

అంతలోనే ఆఫీసరమ్మ వానలో తడిసి వచ్చింది. గదంతా కలయజూసింది. ఆ చూపు చొక్కా దగ్గర ఆగింది.

"ఇస్త్రీ పని చేసేది మీరేనా?"

"నేనేనమ్మా."

"చూస్తే అలా లేరే."

మంచం మీదున్న నాయనమ్మ ఉండబట్టలేకపోయింది. "ఆ చొక్కా వీడిది కాదమ్మా, ప్లీడరుగారిది. వీడివి దాని మడతలు మాత్రమే."

"ఇలాంటివి రోజూ వింటూనే ఉంటాను పెద్దమ్మా," అంటూ ఆమె సంచిలోంచి ఫారం తీసింది. అది తడిసి మెత్తబడిపోయింది. పెన్ను ఆనించగానే మూల చిరిగింది.

"దీనిమీద ముద్ర వేస్తే అలుక్కుపోతుంది. కొత్తది తేవాలంటే ఆఫీసుకెళ్ళి రావాలి. ఈలోపు గడువు దాటిపోతుంది."

కూతురు గోడ మీది గడియారం వైపు చూసింది.

"ఇటివ్వండమ్మా," అన్నాడు తండ్రి.

ముందు చొక్కా విప్పి హ్యాంగరుకు తగిలించాడు. పరాయి చొక్కా తొడుక్కుని ఇస్త్రీపెట్టె ముట్టుకోవడం అతని వల్ల కాని పని. చిరుగుల బనీనుతో బల్ల ముందు నిలబడి, ఫారం మీద పల్చటి గుడ్డ పరిచాడు. తడి వేలితో పెట్టె అడుగును తాకి చూసి, కాసేపు చల్లారనిచ్చాడు. తర్వాత పెట్టెను కాగితం మీద తోయలేదు. పసిపిల్లను జోకొట్టినట్టు ఎత్తి ఎత్తి ఆనించాడు.

ఆఫీసరమ్మ ఫారం వైపు చూడటం లేదు. అతని ముంజేతుల మీద వరసగా ఉన్న పాత కాలిన మచ్చలనే చూస్తోంది.

వెచ్చటి కాగితం చేతికి రాగానే ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టింది. ముద్ర అక్షరం చెదరకుండా పడింది.

"మా ఆఫీసులో ఏ కాగితమూ ఇంత తిన్నగా లేదు," అని అప్పుడు నవ్వింది. కోట్లకు తొడిగే ప్లాస్టిక్ కవరులో తల్లి ఫారాన్ని భద్రంగా పెట్టి ఇచ్చింది. కూతురు నాయనమ్మను వాటేసుకుని మంచం మీదినుంచి పైకెత్తేసింది.

"దింపవే, నడుం విరుగుతుంది," అంటూనే ముసలావిడ పిల్ల మెడ వదల్లేదు.

ఆఫీసరమ్మ అటు వెళ్ళగానే గొడుగు ముడుస్తూ ప్లీడరుగారు వచ్చారు. "నా చొక్కా అయిందా?"

తండ్రి నసిగాడు. "ఇందాక ఓ అరగంట నేను వేసుకున్నా సార్. పిల్ల స్కాలర్‌షిప్ విచారణకి. ఉతికి రేపు ఇస్తాను."

ప్లీడరుగారు చొక్కానూ, గది మధ్యలో ఎగురుతున్న పిల్లనూ మార్చి మార్చి చూశారు.

"గెలిచారా?"

"గెలిచాం సార్."

"అయితే ఉతక్కు. అలాగే ఇచ్చెయ్," అని చెయ్యి చాపారు. "మధ్యాహ్నం నాకూ కేసుంది."