ముందు వరుసలో ముగ్గురు

నేను ఒక క్యారమ్ బోర్డును. విశాఖలో ఒక వడ్రంగి నాకు చట్రం బిగించి, మొహం నున్నగా రుద్ది అమ్మేశాడు. పదేళ్లు ఓడరేవు కూలీల క్లబ్బులో బతికాను. అది మూతపడ్డాక ప్రభుదాసు గారు నన్ను తన జట్టు గదికి మోసుకెళ్లారు. ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. హెల్మెట్లు పెట్టుకుని మనుషులు ఒకరినొకరు గుద్దుకునే ఆట అది. ఆ గుద్దులన్నీ ముందు నా మీదే జరుగుతాయి. కాయిన్లకు నొప్పి తెలియదు కాబట్టి ఇక్కడ ప్రతి ఎత్తూ పారుతుంది.

ఫైనల్‌కు ముందురోజు మధ్యాహ్నం ఆయన అయిదు తెల్ల కాయిన్లు వరుసగా పేర్చారు. అది ఎదుటి జట్టు గోడ. దానికి ఎదురుగా ఎప్పుడూ మా జట్టువి నాలుగు నల్లవి ఉండేవి. ఒకటి తీసి వెనక్కి జరిపారు.

"వాళ్లు బంతి దూరం విసురుతారు. ఎనిమిదిమంది వెనక కాయాలి. ముందు ముగ్గురే. నూకరాజూ, మధ్యలో నువ్వు. నీ మీదికి ఇద్దరొస్తారు. కదలకూడదు. ఏదీ, ఈ మధ్య కాయిన్ నీది, నువ్వే తీసి పెట్టు."

నూకరాజు పెట్టాడు. రెండు నల్లవాటి మధ్య సందులో కాదు, జానెడు అవతల. మళ్లీ తీసి పెట్టాడు. మళ్లీ అక్కడే.

"ఎన్ని కనపడతన్నాయిరా నీకు?" అన్నాడు పక్కనున్న గౌరునాయుడు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు.

"ఏటీ నేదు. ఎండకి కళ్లు తిరిగాయి."

కోచ్ ఆ కాయిన్‌ను తన వేలితో సందులోకి జరిపారు. ఆయనకు అర్థమైంది. అయినా, "రేపొక్క రోజు ఓర్చుకో. ఎల్లుండి డాక్టరుకి చూపిద్దాం," అన్నారు.

"ఈడు దిగితే నేను దిగనండి," అన్నాడు గౌరునాయుడు. "కిందటి ఆటలో తలకి దెబ్బ తగిలిన కాడినుంచి రోజూ పొద్దున్నే వాంతులు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

నూకరాజు తల దించుకున్నాడు.  ప్రభుదాసు గారు మోచేత్తో కాయిన్లన్నీ పక్కకు తోసేసి, "ఆస్పత్రికి పద," అన్నారు.

తలలో రక్తం గడ్డకట్టిందట. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఇంకొక్క దెబ్బ తగిలి ఉంటే ప్రాణం దక్కేది కాదన్నారు డాక్టరు. మర్నాడు జట్టు చిత్తుగా ఓడింది. నూకరాజు బతికాడు గానీ కుడిచెయ్యి పట్టు తప్పింది.

ఇప్పుడతను ప్రతి ఆటకు ముందూ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. లోపలికొచ్చే ఒక్కొక్కరినీ ఆపి అడుగుతాడు.

"తలనొప్పేమైనా ఉందేటి?"

ఇంతవరకు ఉందన్నవాడు ఒక్కడూ లేడు.